న్యూట్రల్ సైజు ఎంత ఉండాలి: ఒక అంతస్తు ఫీడరు మార్పు డైరీ

సోమవారం

పని ఇది. మెయిన్ ప్యానెల్ నుంచి రెండో అంతస్తు సబ్‌ప్యానెల్‌కు వెళ్లే త్రీ ఫేజు ఫీడరు (సరఫరా కేబుల్) కొత్త లోడుకు సరిపోతుందో లేదో చూడాలి, సరిపోకపోతే మార్చాలి. ఆ అంతస్తు నిండా కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు, ఒక మూల చిన్న సర్వర్ గది. ఇంకొన్ని డెస్కులు రాబోతున్నాయి. ఇప్పుడు ఉన్నది పీవీసీ ఇన్సులేషన్ ఉన్న మూడున్నర కోర్ రాగి కేబుల్. ఫేజులు 35 చదరపు మి.మీ., న్యూట్రల్ (ఫేజుల కరెంటు తిరిగి వచ్చే తీగ) 16. పొడవు 45 మీటర్లు. కేబుల్ మొదలయ్యే చోట 100 ఆంపియర్ల త్రీ పోల్ బ్రేకర్ (మూడు ఫేజులను మాత్రమే చూసేది) ఉంది. న్యూట్రల్ మాత్రం ఏ రక్షణా లేకుండా నేరుగా లింకు (న్యూట్రల్ తీగలు బిగించే లోహపు పట్టీ) మీదికి వెళ్తుంది.

యజమానులు అడిగింది ఒక్కటే: ఫేజుల్లో ఇంకా ఎంత చోటు ఉంది? దానికి జవాబు చెప్పడం తేలికే. కానీ సబ్‌ప్యానెల్ తలుపు తీయగానే చూపు న్యూట్రల్ లింకు దగ్గరే ఆగిపోయింది. లగ్గు (తీగ చివర క్రింప్ చేసి బోల్టుతో బిగించే లోహపు ముక్క) పక్కన తీగ ఇన్సులేషన్ నిగారింపు పోయి, గట్టిపడి, అంచున సన్నగా చిట్లింది. వేలితో తాకకుండానే తెలిసిపోయేంత తేడా. ఫేజుల లగ్గుల దగ్గర ఇన్సులేషన్ కొత్తదానిలాగే ఉంది. థర్మల్ కెమెరాలో ఆర్ ఫేజు లగ్గు 46 డిగ్రీలు, వై 45, బీ 43. న్యూట్రల్ లగ్గు 71.

ఇలాంటి వేడికి రెండు కారణాలు ఉండవచ్చు. జాయింటు వదులై ఉండాలి, లేదా తీగలో నిజంగానే అంత కరెంటు పోతూ ఉండాలి. జాయింటు తప్పే అయితే వేడి లగ్గు దగ్గరే ఉండి, తీగ వెంట కాస్త దూరం పోయేసరికి చల్లారుతుంది. కెమెరాను న్యూట్రల్ తీగ వెంట కిందికి జరుపుతూ పోయాను. అర మీటరు అవతల కూడా 58 డిగ్రీలు ఉంది. అంటే వేడి జాయింటుది మాత్రమే కాదు, తీగ మొత్తానిది. పీవీసీ ఇన్సులేషన్‌కు తీగ ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటకూడదు. ఇక్కడ పైన కనిపించే ఉష్ణోగ్రతే అక్కడికి చేరింది.

ఇది ఫేజుల పని కాదు, న్యూట్రల్ పని అని అప్పుడే ఖాయమైంది.

మంగళవారం

అంతస్తులో అందరూ పనిలో ఉన్న వేళ చూసి కొలిచాను. క్లాంప్ మీటరు ట్రూ ఆర్‌ఎంఎస్ రకమే (తరంగం ఆకారం ఎలా ఉన్నా, వేడి పుట్టించే అసలు కరెంటును చూపేది) ఉండాలని పట్టుబట్టాను. సగటును కొలిచి ఆర్‌ఎంఎస్‌గా చూపించే మామూలు మీటర్లు శుద్ధమైన సైన్ తరంగానికే సరిగ్గా చెబుతాయి. కంప్యూటర్ పవర్ సప్లై తీసుకునే సూదిమొన లాంటి కరెంటును అవి బాగా తక్కువ చేసి చూపిస్తాయి. ఆ తప్పుడు అంకె మీద కేబుల్ ఎంచుకుంటే తర్వాత చేసే లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా వృథా.

వచ్చిన అంకెలు: ఆర్ 68 ఆంపియర్లు, వై 61, బీ 47. న్యూట్రల్ 65.

పుస్తకాల్లో నేర్చుకున్న సూత్రం ఒకటి అందరికీ గుర్తుంటుంది. మూడు ఫేజుల కరెంట్ల వర్గాలు కూడి, అందులోంచి రెండేసి ఫేజుల లబ్ధాలను తీసేసి, మిగిలినదానికి వర్గమూలం కడితే న్యూట్రల్ కరెంటు వస్తుంది. 68, 61, 47 పెట్టి చేస్తే వచ్చేది 18.5 ఆంపియర్లు. మీటరు చూపినది 65. మధ్య తేడా మూడున్నర రెట్లు. సూత్రం తప్పు కాదు. మూడు ఫేజుల పవర్ ఫ్యాక్టర్ ఒకేలా ఉండి, కరెంటు శుద్ధ సైన్ తరంగమైతేనే అది వర్తిస్తుంది. ఈ అంతస్తులో రెండో షరతు అసలు నెరవేరదు.

మీటరును న్యూట్రల్ మీద అలాగే ఉంచి ఫ్రీక్వెన్సీ బటన్ నొక్కాను. సరఫరా 50 హెర్ట్జ్. తెర మీద మాత్రం 150 కనిపించింది. మూడో హార్మోనిక్ (సరఫరాకు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీతో ఊగే కరెంటు) ఉందో లేదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన అతి సులువైన పరీక్ష ఇదే. పవర్ ఎనలైజర్ చేతిలో లేనివాళ్లు కూడా ఈ ఒక్క కొలతతో రోగం ఏమిటో పట్టుకోవచ్చు. 60 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట అయితే 180 కనిపిస్తుంది.

తర్వాత ఎనలైజర్ పెట్టి లెక్క విడదీశాను. మూల ఫ్రీక్వెన్సీ (50 హెర్ట్జ్) కరెంటు ఆర్‌లో 62, వైలో 56, బీలో 43. మూడో హార్మోనిక్ వరుసగా 25, 22, 16. అయిదోది 12, 10, 8. న్యూట్రల్‌లో మూల ఫ్రీక్వెన్సీ 17 ఆంపియర్లే, మూడో హార్మోనిక్ మాత్రం 63. ఫేజుల్లోని 25, 22, 16 కూడితే సరిగ్గా 63. ఒక్క ఆంపియరు కూడా రద్దు కాలేదు.

ఎందుకు రద్దు కాదో ఇక్కడ రాసుకోవడం మంచిది, ఎందుకంటే మిగతా పనంతా దీని మీదే నిలబడింది. మూడు ఫేజుల మధ్య ఎడం ఒక చక్రంలో మూడో వంతు. మూల కరెంటుకు ఆ ఎడం 120 డిగ్రీలు కాబట్టి మూడూ కలిసేచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూడో హార్మోనిక్ అదే మూడో వంతు సమయంలో తన చక్రం పూర్తిగా తిరిగేస్తుంది. దానికి 120 డిగ్రీల ఎడం అంటే 360 డిగ్రీలు, అంటే ఎడమే లేనట్టు. మూడు ఫేజుల మూడో హార్మోనిక్‌లూ ఒకేసారి లేచి ఒకేసారి పడతాయి. న్యూట్రల్‌లో కలిసినప్పుడు కూడిక తప్ప తీసివేత ఉండదు. తొమ్మిది, పదిహేను లాంటి మూడు గుణిజాలదీ ఇదే తీరు. అయిదు, ఏడు హార్మోనిక్‌లు అలా కావు, లోడు సమానంగా ఉంటే అవి న్యూట్రల్‌లో రద్దవుతాయి. వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ మీద నడిచే త్రీ ఫేజు మోటారు ఎంత హార్మోనిక్ పుట్టించినా న్యూట్రల్‌కు భారం కాకపోవడానికి కారణం ఇదే. పైగా దానికి న్యూట్రల్ తీగే ఉండదు.

ఎల్‌ఈడీ దీపాలను తక్కువగా చూడకూడదు. ఒక్కో దీపం తీసుకునేది కొద్ది వాట్లే, కానీ ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) 61000-3-2 ప్రమాణం 25 వాట్లు, అంతకు తక్కువ ఉన్న దీపాలకు మూడో హార్మోనిక్‌ను మూల కరెంటులో 86 శాతం దాకా అనుమతించే మార్గం ఒకటి ఉంచింది. అలాంటి దీపాలు వందల్లో ఉంటే లెక్క వేరేగా ఉంటుంది.

బుధవారం

నాతో పనిచేసే కుర్రవాడు ఉదయమే అడిగాడు: "సర్, ఆర్ మీద లోడు ఎక్కువ, బీ మీద తక్కువ ఉంది కదా. సమానంగా పంచేస్తే న్యూట్రల్ కరెంటు తగ్గిపోదా?"

మంచి ప్రశ్న. కేబుల్ కొనే ముందు యజమానులు కూడా ఇదే అడుగుతారు. "పంచి చూద్దాం. రేపు ఇదే వేళకు నువ్వే కొలువు," అన్నాను.

సాయంత్రం అంతస్తు ఖాళీ అయ్యాక సబ్‌ప్యానెల్‌కు సరఫరా ఆపి, తాళం వేసి, కరెంటు లేదని పరీక్షించుకుని, ఆర్ మీది రెండు డెస్కు సర్క్యూట్లనూ వై మీది ఒక దీపాల సర్క్యూట్‌నూ బీ మీదికి మార్చాం. ప్రతి సర్క్యూట్‌కూ దాని న్యూట్రల్ దానికే ఉందా అని కూడా చూసుకున్నాం. రెండు సర్క్యూట్లు ఒకే న్యూట్రల్ పంచుకుని ఉంటే, వాటిని ఒకే ఫేజు మీదికి తెచ్చిన క్షణం ఆ సన్నని తీగ మీద రెండింటి కరెంటూ పడుతుంది. ఇక్కడ అలాంటివి లేవు.

గురువారం

కుర్రవాడు కొలిచాడు. ఆర్ 59, వై 59, బీ 58. ఇంతకంటే సమానంగా పంచడం ఎవరివల్లా కాదు. న్యూట్రల్ 63.

65 నుంచి 63. అంతే తగ్గింది. మూల ఫ్రీక్వెన్సీలోని 17 ఆంపియర్లు దాదాపు పూర్తిగా పోయాయి, మూడో హార్మోనిక్‌లో ఏమీ పోలేదు. ఏ ఫేజు మీద ఉన్నా ఆ కంప్యూటర్లు, ఆ దీపాలు అవే. వాటి మూడో హార్మోనిక్‌లు ఎటునుంచి వచ్చినా ఇక్కడికి చేరి కలవాల్సిందే. ఫేజుల కరెంటు కంటే న్యూట్రల్ కరెంటు ఎక్కువగా ఉండటం చూసి కుర్రవాడు మీటరు కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మాటలతో ఎంత చెప్పినా రాని నమ్మకం ఆ ఒక్క అంకెతో వచ్చింది. లోడు పంచడం వృథా అని చెప్పడం లేదు. ఆర్ ఫేజుకు తొమ్మిది ఆంపియర్ల ఊరట దొరికింది, అది కావలసిందే. కానీ సమానంగా పంచాం కాబట్టి న్యూట్రల్ సగం సైజు చాలు అనే వాదన ఇలాంటి లోడు ముందు నిలవదు.

దీనికి పై హద్దు కూడా ఒకటి ఉంది. కంప్యూటర్ పవర్ సప్లైల్లో ఏసీని డీసీగా మార్చే, కెపాసిటర్ ఉన్న రెక్టిఫయర్ వోల్టేజీ శిఖరం దగ్గర కొద్దిసేపు మాత్రమే కరెంటు లాగుతుంది. మూడు ఫేజుల పల్సులూ ఒకదాని మీద ఒకటి పడనంత సన్నగా ఉంటే, న్యూట్రల్‌లో ప్రతి చక్రానికీ ఆరు పల్సులు విడివిడిగా పోతాయి. అప్పుడు న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటుకు మూడు వర్గమూలం రెట్లు, అంటే 1.73 రెట్లు అవుతుంది. ఒకేలాంటి రెక్టిఫయర్ లోడు మూడు ఫేజుల మీదా సమానంగా ఉన్నప్పుడు ఆర్‌ఎంఎస్ లెక్కలో అంతకు మించదు. మనది 1.07 రెట్ల దగ్గర ఉంది.

పాత కేబుల్ ఎందుకు కాగుతోందో ఇప్పుడు అంకెల్లో చెప్పవచ్చు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తీగ మందం పెరిగేకొద్దీ తగ్గుతుంది. మంగళవారం అంకెలతో చూస్తే, మూడు ఫేజులూ కలిసి పుట్టించిన వేడిలో 88 శాతానికి సమానమైన వేడిని న్యూట్రల్ ఒక్కటే పుట్టించింది. మూడు తీగల వేడికి లెక్క కట్టిన కేబుల్‌లో నాలుగో పొయ్యి ఒకటి రాజుకుని ఉంది. ముందున్న త్రీ పోల్ బ్రేకర్‌కు ఇది కనిపించే మార్గమే లేదు. అది చూసేది ఫేజులను. వాటిలో 68 ఆంపియర్లు మించలేదు కాబట్టి దాని దృష్టిలో అంతా సవ్యమే.

శుక్రవారం

లెక్కల రోజు.

ఐఈసీ 60364-5-52 ప్రమాణం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సింగిల్ ఫేజు సర్క్యూట్లో న్యూట్రల్, ఫేజు సమానంగా ఉండాలి, దాని మీద చర్చే లేదు. త్రీ ఫేజులో ఫేజు తీగ రాగిదైతే 16 చదరపు మి.మీ. వరకు, అల్యూమినియం అయితే 25 వరకు న్యూట్రల్ అంతే ఉండాలి. అంతకు పెద్ద తీగలకు న్యూట్రల్ తగ్గించవచ్చు, కానీ షరతులు ఉన్నాయి: మామూలుగా లోడు సమానంగా పంచి ఉండాలి, మూడు గుణిజాల హార్మోనిక్‌లు ఫేజు కరెంటులో 15 శాతం దాటకూడదు, న్యూట్రల్‌కు దాని సైజుకు తగ్గ ఓవర్‌కరెంటు రక్షణ ఉండాలి, సైజు రాగిలో 16కు, అల్యూమినియంలో 25కు తగ్గకూడదు. మన పాత కేబుల్ చివరి షరతు ఒక్కటే నెరవేర్చింది.

నాలుగు, అయిదు కోర్ల కేబుళ్లకు అందులోనే ఒక పట్టిక ఉంది. ఫేజు కరెంటులో మూడో హార్మోనిక్ 15 శాతం వరకు ఉంటే ఏ తగ్గింపూ అవసరం లేదు, ఫేజు కరెంటు చూసి సైజు ఎంచుకోవచ్చు. 15 నుంచి 33 శాతం మధ్య ఉంటే ఫేజు కరెంటునే చూడాలి, కానీ కేబుల్ సామర్థ్యాన్ని 0.86తో గుణించాలి. 33 నుంచి 45 మధ్య ఉంటే న్యూట్రల్ కరెంటు చూసి, 0.86తో గుణించాలి. 45 దాటితే న్యూట్రల్ కరెంటు చూసి, తగ్గింపు లేకుండా ఎంచుకోవాలి. చివరి వరుస చూసి కొందరు ఆశ్చర్యపోతారు. న్యూట్రల్ కరెంటును బట్టి అంత పెద్ద సైజు ఎంచుకున్నాక ఫేజులు చాలా తేలికగా నడుస్తాయి, అవి మిగిల్చిన వేడి వెసులుబాటే తగ్గింపును అనవసరం చేస్తుంది.

న్యూట్రల్‌లోని 63లో ఒక్కో ఫేజు వాటా 21. మన కొలత 59లో 21, అంటే 36 శాతం. మూడో వరుస. కొత్త డెస్కులతో కలిపి ఫేజుకు 80 ఆంపియర్లు, మూడో హార్మోనిక్ 38 శాతం అనుకున్నాను. న్యూట్రల్: 80 × 0.38 × 3 = 91 ఆంపియర్లు. దాన్ని 0.86తో భాగిస్తే 106.

గోడకు బిగించిన పీవీసీ రాగి కేబుల్‌కు, 30 డిగ్రీల వాతావరణంలో, పట్టిక ఇచ్చే సామర్థ్యం 25 చదరపు మి.మీ.కు 96 ఆంపియర్లు, 35కు 119, 50కి 144. ఇంతవరకే చూస్తే నాలుగు కోర్లూ 35 ఉన్న కేబుల్ చాలు. కానీ ఈ కేబుల్ పోయే దారిలో పైకప్పు కింద ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చూశాను. పీవీసీకి 40 డిగ్రీల దగ్గర గుణకం 0.87. 106ను దానితో భాగిస్తే 122. 35 సైజు మూడు ఆంపియర్ల తేడాతో ఓడిపోయింది. 50కి వెళ్లాలి.

సరిచూసుకోవడానికి మరో దారి కూడా ఉంది. 33 శాతం దాటినప్పుడు మల్టీకోర్ కేబుల్‌లో న్యూట్రల్‌ను ఫేజు డిజైన్ కరెంటుకు 1.45 రెట్లు మోసేలా ఎంచుకుని, ఫేజులనూ అదే సైజులో ఉంచాలని ఆ ప్రమాణమే చెబుతుంది. 80 × 1.45 = 116. దాన్ని 0.87తో భాగిస్తే 133. మళ్లీ 50 దగ్గరికే వచ్చింది. రెండు దారులూ ఒకచోట కలిసినప్పుడు సంతకం పెట్టడానికి చెయ్యి వెనకాడదు.

ఎక్స్‌ఎల్‌పీఈ అనే మరో రకం ఇన్సులేషన్ ఉన్న కేబుల్ అయితే 35 సైజు కూడా నెగ్గుతుంది. దాని ఇన్సులేషన్ 90 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. కానీ ఆ సామర్థ్యం మొత్తం వాడుకుంటే బ్రేకర్ టెర్మినళ్ల దాకా ఆ వేడి వస్తుంది, అవి 90కి తయారైనవి కావు. పైగా సన్నని న్యూట్రల్‌లో వోల్టేజీ ఎక్కువ పడిపోతుంది. పాత న్యూట్రల్ మీద 65 ఆంపియర్లు పోతున్నప్పుడు సబ్‌ప్యానెల్‌లో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య 3.8 వోల్టులు కొలిచాను. 45 మీటర్ల 16 సైజు రాగి తీగ నిరోధాన్ని 65తో గుణిస్తే దాదాపు ఆ అంకే వస్తుంది.

పాత కేబుల్ ఉంచేసి పక్కన ఇంకో న్యూట్రల్ తీగ లాగమని ఒక సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. సమాంతరంగా పోయే రెండు తీగల సైజు, పొడవు, దారి ఒకేలా లేకపోతే కరెంటు వాటి మధ్య సరిగ్గా పంచుకోదు. న్యూట్రల్ తన ఫేజులతో కలిసే పోవాలి. వేరే దారిలో పోతే వాటి అయస్కాంత క్షేత్రాలు పరస్పరం రద్దు కావు, మధ్యలో ఇనుప ప్లేటు ఉంటే అది కూడా వేడెక్కుతుంది.

బ్రేకర్ కూడా మారాలి. 50 సైజు కేబుల్ ఈ పరిస్థితుల్లో మోయగలిగేది 144 × 0.87 × 0.86, అంటే 107 ఆంపియర్లు. కాబట్టి 100 ఆంపియర్ల బ్రేకర్ సరిపోతుంది. కానీ అది ఫోర్ పోల్ అయి, నాలుగో పోల్‌లో కూడా పూర్తి రక్షణ ఉండాలి. ఫేజుల్లో 90 ఆంపియర్లు ఉండి మూడో హార్మోనిక్ 45 శాతానికి చేరితే న్యూట్రల్‌లో 121 పోతాయి. ఆ సంగతి న్యూట్రల్‌ను చూసే పోల్ ఉంటేనే తెలుస్తుంది. ఆ పోల్ ఫేజుల కంటే ముందు తెరుచుకోకూడదు, మూసేటప్పుడు వాటికంటే వెనకబడకూడదు. న్యూట్రల్, ఎర్త్ ఒకే తీగలో పోయే వ్యవస్థ అయితే ఆ తీగను బ్రేకర్‌తో తెంచకూడదు. ఇక్కడ రెండూ వేరు.

శనివారం, ఆదివారం

పాత కేబుల్ తీసి కొత్తది లాగడంలో రాయదగ్గదేమీ లేదు, శ్రమ తప్ప. 50 సైజు నాలుగు కోర్ల కేబుల్ మొండిది. ప్యానెల్ అడుగున అది వంగే చోటు ముందే చూసుకుని గ్లాండ్ ప్లేటు (కేబుల్ లోపలికి వచ్చే పలక) జరిపించాం.

సబ్‌ప్యానెల్‌లో న్యూట్రల్ బస్‌బార్ ఫేజుల బార్లలో సగం వెడల్పే ఉంది. కేబుల్ మార్చి దీన్ని వదిలేస్తే ఇరుకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగినట్టే. అదీ మార్చాం.

ఎక్కువ సమయం న్యూట్రల్ లగ్గు మీదే గడిపాను. ఇన్సులేషన్ తీసేటప్పుడు ఒక్క పోగు కూడా తెగకూడదు, లగ్గు గొట్టం చివరిదాకా తీగ వెళ్లిందని కిటికీలోంచి కనబడాలి, క్రింపింగ్ డై సరిగ్గా 50దే కావాలి. బోల్టు తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించి, నట్టు మీదుగా రంగు గీత గీశాం. తర్వాత ఎప్పుడు వదులైనా గీత తప్పి కనిపిస్తుంది.

ఈ ఒక్క జాయింటు మీద ఇంత పట్టు ఎందుకో కుర్రవాడికి లెక్క వేసి చూపించాను. న్యూట్రల్ తెగిందనుకో. ఒక ఫేజు మీద 2300 వాట్ల హీటరు, ఇంకో ఫేజు మీద మొత్తం 230 వాట్ల దీపాలు ఉన్నాయి. 230 వోల్టుల దగ్గర వాటి నిరోధాలు 23, 230 ఓములు. న్యూట్రల్ లేకపోతే ఆ రెండూ వరుసగా 400 వోల్టుల మీద పడతాయి. హీటరుకు 36 వోల్టులు, దీపాలకు 364. హీటరు చల్లగా ఉండిపోతుంది, దీపాలు కాలిపోతాయి. ఏ ఫ్యూజూ ఎగరదు, ఎందుకంటే కరెంటు ఒకటిన్నర ఆంపియర్ల చిల్లర మాత్రమే. ఏళ్లపాటు కాగి కాగి ఊడిపోయే న్యూట్రల్ జాయింటు చేసే పని ఇదే.

సోమవారం

అంతస్తు నిండాక కొలిచాం. ఆర్ 60, వై 59, బీ 58, న్యూట్రల్ 63. కరెంటు మారలేదు, మారాల్సింది అది కాదు. న్యూట్రల్ లగ్గు 44 డిగ్రీలు, ఫేజులు 41, 42 మధ్య. న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజీ 3.8 నుంచి 1.2కు దిగింది. ఎర్త్ తీగ మీద క్లాంప్ పెడితే చెప్పుకోదగ్గ కరెంటు లేదు, అంటే న్యూట్రల్ ఎక్కడా ఎర్త్‌తో కలిసిపోలేదు.

ఇంకా మిగిలినవి రెండు. కొత్త డెస్కులన్నీ నిండాక ఎనలైజర్‌తో మళ్లీ కొలవాలి. అప్పుడు న్యూట్రల్ 100కు దగ్గరైతే ఇంకా పెద్ద కేబుల్ వైపు వెళ్లను, సబ్‌ప్యానెల్ దగ్గరే జిగ్‌జాగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి మూడో హార్మోనిక్‌ను అక్కడే తిప్పేయమని చెబుతాను. అది ఎక్కడ పెడితే అక్కడి నుంచి సరఫరా వైపు ఉన్న న్యూట్రల్‌కే ఊరట. రెండోది, భవనం ట్రాన్స్‌ఫార్మర్. దాని డెల్టా వైండింగ్‌లో (త్రికోణంలా కలిపిన మూడు తీగచుట్టల్లో) మూడు గుణిజాల హార్మోనిక్‌లు బయటికి పోకుండా లోపలే తిరుగుతూ వేడి పుట్టిస్తాయి. మిగతా అంతస్తుల ఫీడర్లలో కూడా న్యూట్రల్ మీద ఫ్రీక్వెన్సీ చూసి, ఎన్నింటిలో 150 కనిపిస్తుందో రాసి, ఆ జాబితాతో ట్రాన్స్‌ఫార్మర్ లోడింగ్ లెక్క వచ్చే వారం మొదలుపెడతాం.